బట్టమేక పిట్ట విగ్రహం

ఆ ఆదివారం పొద్దున యోగానంద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తిని, బావమరిది శ్రీరామ్ మినీ లారీలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్ళాలి. అక్కడ శిల్పి శాంతయ్య చెక్కి ఉంచిన విగ్రహాన్ని ఎక్కించుకొని భోజనాల వేళకు తిరిగి రావాలి. సాయంత్రం పార్కులో దిమ్మె మీద నిలబెట్టించి, ముసుగు కప్పించి, మర్నాటి ఆవిష్కరణ సభలో తాను చేయబోయే ప్రసంగాన్ని అద్దం ముందు ఒకసారి వల్లెవేసుకోవాలి. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందో అతనికి కనిపించలేదు.

అతని భార్య విష్ణుప్రియకు కనిపించింది.

"ఆ బొమ్మను ఒక్కసారన్నా చూసొచ్చినారా?" అని అడిగింది చట్నీ వడ్డిస్తూ.

"కళ్ళు దిద్దేదాకా ఎవురూ చూడగూడదంట. శాంతయ్య పట్టింపు."

"పెళ్ళికి ముందు మీరు నన్ను రెండుసార్లు చూసిపోయినారు. రాయికి ఒక్క పెళ్ళిచూపులు గూడ లేవా?"

"ఆయన ఆళ్లగడ్డలో పేరున్న శిల్పి. నేను ఫోన్లో తల నుంచి కాళ్ళ దాకా అన్నీ వివరంగా చెప్పినా" అన్నాడు యోగానంద్. పరీక్షల డ్యూటీలతో ఆళ్లగడ్డ వెళ్ళే తీరిక దొరకని మాట మాత్రం చెప్పలేదు.

యోగానంద్ నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. పుట్టింది అహోబిలం అర్చకుల ఇంట్లో. చిన్నప్పుడు తండ్రి మంత్రాలు చెబుతుంటే కిటికీలోంచి పిట్టల్ని లెక్కపెట్టేవాడు. పెద్దయ్యాక ఆ పిట్టల్లో ఒకదాని మీద మనసు నిలిచిపోయింది. అదే బట్టమేక పిట్ట. పేరులో మేక ఉన్నా, అది నెమలంత పెద్ద పక్షి. గడ్డిబీళ్ళలో నేల మీద తిరుగుతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో బాగానే ఉండేది, ఇప్పుడు దేశం మొత్తం వెతికినా చాలా కొద్ది మిగిలాయి. దాన్ని కాపాడాలని యోగానంద్ ఒక సంఘం పెట్టాడు. సంఘంలో సభ్యులు కూడా ఆ పక్షి కంటే ఎక్కువగా ఏమీ లేరు.

వెలుగోడు దాటాక ఊటకుంట అనే ఊరుంది. దాని పక్కన పెద్ద గడ్డిబీడు. అక్కడ బట్టమేక పిట్ట కనిపించిందని ఎవరో చెప్పినప్పటి నుంచి యోగానంద్ సెలవు దొరికితే ఆ బీడులోనే ఉండేవాడు. పిట్ట కనిపించేది కాదు గానీ మేకలు కనిపించేవి. మేకల వెనక లింగమ్మ కనిపించేది. ఆ ఊరి మేకల కాపరులందరికీ ఆమె మాటంటే మాటే. యోగానంద్ వన్యప్రాణి చట్టంలో సెక్షన్లు చెప్పేవాడు, లింగమ్మ కుక్కల్ని పిలిచేది. చివరిసారి వాళ్ళిద్దరి మధ్య జరిగిన సంభాషణ ఇంతే.

"నీ పిట్ట యాడుందో సూపీ అయ్యవారా. సూపినావంటే ఈ గడీనే మేకల్ని తోలుకపోతా."

"మేకలు పోతే పిట్ట వస్తాదమ్మా."

"రాని సుట్టానికి నేను ఉన్న బిడ్డల్ని పస్తు పెట్టాల్నా?"

దానికి సెక్షన్లలో జవాబు లేకపోయింది.

విగ్రహం ఆలోచన సంఘం అధ్యక్షుడు వరదరాజులుగారిది. ఆయన యోగానంద్ కాలేజీలోనే ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యారు. "జనం కంట చూడనిదాన్ని కాపాడమంటే ఎట్లా కాపాడతారయ్యా? ముందు చూపించాల" అన్నారు. మున్సిపాలిటీ వాళ్ళు పార్కులో జాగా ఇచ్చారు. వన్యప్రాణి వారోత్సవాలకు జిల్లా అధికారి ఒకరు వచ్చి ముసుగు తీయడానికి ఒప్పుకున్నారు. దిమ్మెకు 'బట్టమేక పిట్ట' అని పాలరాతి పలక కూడా బిగించేశారు. ఇక పిట్ట రావడమే తరువాయి.

* * *

ఆళ్లగడ్డలో శాంతయ్య పనిచేసే చోట పందిరి కింద సగం చెక్కిన దేవుళ్ళు, పూర్తయిన నాయకులు పక్కపక్కనే నిలబడి ఉన్నారు. నడుమ తెల్లపంచె కప్పిన విగ్రహం ఒకటి ఉంది. శాంతయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, విగ్రహం పక్కన పెళ్ళికూతురి తండ్రిలా నిలబడ్డాడు.

"సార్, నా జన్మలో ఇట్లాంటి పని సెయ్యలా. సూడు" అంటూ పంచె లాగేశాడు.

నల్లరాతి మేక.

యోగానంద్ కాసేపు దాని వైపు చూసి, తర్వాత దాని వెనకేమైనా ఉందేమోనని చూసి, మళ్ళీ దాని వైపే చూశాడు. మేక ఠీవిగా ఉంది. మెడ పొడుగ్గా సాగింది. వీపు మీదుగా ఒక సన్నటి బట్ట రెండు పక్కలా జారుతోంది. ఆ బట్ట మడతలు ఎంత సహజంగా ఉన్నాయంటే, ఒక చోట అంచు తిరగబడినట్టు కనిపిస్తే యోగానంద్ చెయ్యి దానంతటదే వెళ్ళి సర్దబోయింది. రాయి తగిలింది.

"శాంతయ్యా, ఇదేంది?"

"బట్టమేక."

"బట్టమేక అంటే మేక కాదయ్యా!"

"మేక గాకపోతే మేక అని ఎందుకంటారు సార్?" అని శాంతయ్య నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "నువ్వు ఫోన్లో సెప్పినవాట్లో ఒక్కటి ఇడ్సిపెట్నానేమో సూసుకో. మెడ పొడుగుండల్ల అంటివి. ఉందా? కాళ్ళు పొడుగు అంటివి. ఉండాయా? నెత్తిన నల్లటోపీ పెట్టినట్టు ఉంటాది అంటివి. మేకకు టోపీ ఏందబ్బా అని నేను రెండు దినాలు కూడు తినలా. పెద్ద సదువు సదివినాయన సెప్తాండాడు, ఏదో అర్థముంటాదిలే అని పెట్నా."

నిజమే. కొమ్ముల మధ్య చిన్న టోపీ ఉంది. దాన్ని యోగానంద్ అప్పుడే గమనించాడు.

"రొమ్మున నల్లపట్టీ అంటివి. పెట్నా. పట్టీకి గంట మాత్రం నా సొంతం, నా సంతోషానికి. నడక దొర మాదిరి ఉంటాది అంటివి. ఆ ముందరికాలు సూడు, ఎట్లెత్తిందో!"

"అన్నీ సరే. బట్టమేక పిట్ట అన్నా గదా? పిట్ట! పిట్ట యాడ?"

శాంతయ్య ముఖం వెలిగిపోయింది. "అదే అడగలేదేమా అనుకుంటాండా. ఈ పక్కకు రా సార్."

మేక వీపు మీద, బట్ట మడతల్లో, ఒక పిచ్చుక కూర్చుని ఉంది. గింజ కోసం చూస్తున్నట్టు మెడ వంచి ఉంది.

"బట్ట, మేక, పిట్ట" అన్నాడు శాంతయ్య, ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చూపిస్తూ. "మూడిట్లో ఏది లేదో సెప్పు."

మూడూ ఉన్నాయి. యోగానంద్ గ్రైండర్ పెట్టె మీద కూర్చుండిపోయాడు. అతనికి కోపం తెచ్చుకోవాలని ఉంది. కానీ ఎదురుగా ఆ పిచ్చుక ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉంటే గట్టిగా అరవడానికి మనసొప్పలేదు.

"ఏమైనా మార్చడానికి వీలవుతాదా?" అని నీరసంగా అడిగాడు.

శాంతయ్య మేక చుట్టూ ఒకసారి తిరిగాడు. "ముందరి కాళ్ళు కొట్టేయొచ్చు. బట్టను రెక్కల మాదిరి దిద్దొచ్చు. రేపు పొద్దునకల్లా అయితాది. అయితే సార్, అది పిట్టా కాదు, మేకా కాదు. దాన్ని సూసి జనాలకు జరమొస్తాది."

యోగానంద్ వరదరాజులుగారికి ఫోన్ చేశాడు. పెద్దాయనకు వినికిడి కొంచెం తక్కువ, ఉత్సాహం చాలా ఎక్కువ.

"సార్, ఇక్కడ పొరపాటు జరిగింది. శిల్పి మేకను చేసినాడు."

"బట్టమేకే గదా! భేష్!"

"అది కాదు సార్. మేక. మేక!"

"అవునయ్యా, నేనంటాండేదీ అదే. బట్టమేక. బాగొచ్చిందా?"

"బాగొచ్చింది సార్, అదే బాధ. దీనికి నాలుగు కాళ్ళు ఉండాయి!"

అవతల లెక్క వేసుకుంటున్న గొణుగుడు. తర్వాత ఆనందం. "నాలుగు కాళ్ళా? అంటే రెండు పిట్టలు చేసినాడా! ఆడా మగా! జంట లేనిదే సంతతి యాడుంటాదయ్యా? శాంతయ్య ఎంత ముందుచూపున్న మనిషి! ఇప్పుడే అందరికీ చెప్తా."

ఫోన్ పెట్టేసినంతలోనే సంఘం వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. 'శుభవార్త. మన పార్కుకు ఒకటి కాదు, బట్టమేక జంట వస్తోంది.' దాని కింద చప్పట్ల బొమ్మలు. అధికారి కార్యాలయం నుంచి కూడా ఒక నమస్కారం బొమ్మ.

ఇంతవరకూ టీ తాగుతూ దూరంగా నిలబడ్డ శ్రీరామ్ అప్పుడు దగ్గరికొచ్చాడు. అతనిది షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. ఏ శుభకార్యంలో ఏది తలకిందులైనా సాయంత్రానికి కుర్చీలు మడిచి ఇంటికి తెచ్చుకునే మనిషి గనుక, దేనికీ కంగారు పడడు.

"బావా, ముసుగుండాది గదా. ముసుగు కింద ఏముందో ఎవురికి తెలుస్తాది? ఖాళీ దిమ్మె ముందర ఆఫీసర్‌ను నిలబెట్టలేం. దీన్నే తీసకపోదాం. కళ్ళు దిద్దే ముహూర్తం కుదర్లేదు, ఇప్పుడు ముసుగు తీస్తే దోషం అని చెప్దాం. ఆయన ముసుగు మీదనే దండేసి పోతాడు. నెల తిరిగేలోపల ఈయన పిట్టను చెక్కిస్తాడు. రాత్రికి రాత్రి మార్చేస్తాం."

అర్చకుల ఇంట పుట్టినవాడు ముహూర్తం పేరు చెప్పి అబద్ధమాడటం యోగానంద్‌కు గుచ్చుకుంది. కానీ మర్నాటి ఖాళీ దిమ్మె అంతకంటే ఎక్కువ గుచ్చుకుంది. సరేనన్నాడు. పనివాళ్ళు మేకను దుంగల మీద దొర్లించి లారీ ఎక్కించారు. శ్రీరామ్ పాత షామియానా గుడ్డ చుట్టి తాళ్ళు బిగించాడు. బయల్దేరేటప్పుడు శాంతయ్య మేక గడ్డం నిమిరి, తుండుతో కళ్ళొత్తుకున్నాడు.

* * *

శిరివెళ్ల దగ్గరికొచ్చేసరికి గాలికి ముసుగు ఊగులాడటం మొదలుపెట్టింది. లారీ ఆపి, ఇంకో తాడు కొనుక్కొస్తానని యోగానంద్ అంగడికి వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే ముసుగు ఇటు జారిపోయింది.

సంత నుంచి తిరిగొస్తున్న మేకల కాపరులు కొందరు అక్కడ టీ తాగుతున్నారు. టోపీ పెట్టుకొని, శాలువా కప్పుకొని, గంట కట్టుకొని లారీలో నిలబడ్డ మేకను చూసి గ్లాసులు పక్కన పెట్టేశారు.

"ఏందప్పా ఈ మేక? యాడికి తీసకపోతాండావు?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. అతని పేరు సుబ్బయ్య.

"నంద్యాల పార్కులో పెడ్తాండాం. రేపు పొద్దున ఆఫీసర్ వచ్చి పూలు జల్లుతాడు" అన్నాడు శ్రీరామ్. అబద్ధం ఒక్కటీ లేదు.

"మేకకా? శాలువా గప్పి, టోపీ పెట్టి మరీనా? ఎవురు పెట్టిస్తాండారు?"

"మా బావ. యోగానంద్ సార్."

సుబ్బయ్య నోరు తెరిచాడు. "ఊటకుంట బీట్లో మేకల్ని అదిలిచ్చే అయ్యవారా?"

"ఆయనే."

"ఎంత మారిపోయినాడప్పా!"

ఫోన్లు బయటికొచ్చాయి. ముందు నుంచి, పక్క నుంచి, పిచ్చుక దగ్గర నుంచి ఫోటోలు తీసుకున్నారు. యోగానంద్ తాడుతో తిరిగొచ్చేసరికి శ్రీరామ్ ముసుగు సర్దేసి, ఏమీ ఎరగనట్టు స్టీరింగు ముందు కూర్చున్నాడు. కాపరులు మాత్రం వరసగా నిలబడి దండాలు పెట్టారు.

"మంచి పని జేస్తాండావు సామీ" అన్నాడు సుబ్బయ్య. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మా గురించి పట్టించుకునేటోళ్ళు ఎవురుండారు?"

పల్లె జనం ఇంతగా పిట్టను ప్రేమిస్తారని యోగానంద్ ఎన్నడూ అనుకోలేదు. పొద్దుటి నుంచి అలిసిపోయిన మనసు కరిగిపోయింది. "ఇది మీది, మాది అని లేదయ్యా. మనందరిదీ. రేపు మీవాళ్ళందర్నీ పిలుచుకొని రాండి" అన్నాడు.

"వస్తాం సామీ. డప్పులు గూడ తెస్తాం."

లారీ కదిలాక, "చూసినావా శ్రీరామ్, మనం జనాన్ని తక్కువగా అంచనా వేస్తాం" అన్నాడు యోగానంద్. శ్రీరామ్ గేరు మార్చాడు.

* * *

సోమవారం పొద్దున సభ మొదలుకాక ముందే పార్కు బయట డప్పులు మోగాయి. గేటులోంచి ముందు గొంగళ్ళు, తర్వాత తలపాగాలు, వాటి వెనక ఎక్కడా తెగకుండా జనం వచ్చారు. శ్రీరామ్ వేయించిన కుర్చీలు అధికారి సిబ్బందికే సరిపోయాయి. జనం గడ్డిలో కూర్చున్నారు. అందరికంటే ముందు, చేతిలో పూలదండతో లింగమ్మ నడిచి వస్తోంది.

ఆమెను చూడగానే యోగానంద్ చూపు అలవాటుగా కుక్కల కోసం వెతికింది. "శ్రీరామ్, ఊటకుంట వాళ్ళు కొట్లాటకొచ్చినట్టుండారు!"

"కొట్లాటకు దండలెందుకు బావా?" అన్నాడు శ్రీరామ్. ఇక దాచి లాభం లేదని ఫోన్ తీసి చూపించాడు. మేక ఫోటో ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు. దాని కింద 'మన మేకకు నంద్యాలలో విగ్రహం. అందరూ తరలిరావాలి. ఇట్లు అయ్యవారు' అని ఉంది.

యోగానంద్ దాన్ని రెండుసార్లు చదివాడు. అయినా ముహూర్తం అబద్ధం ఒకటి చేతిలో ఉంది. వేదిక ఎక్కి అధికారి పక్కన వంగి, "సార్, చిన్న ఇబ్బంది. విగ్రహానికి కళ్ళు దిద్దే ముహూర్తం కుదరలేదు. ముసుగు తీస్తే..." అని మొదలుపెట్టాడు.

"దిద్దినా సార్!" అని జనంలోంచి కేక వినిపించింది. కొత్త పంచె కట్టుకొని, కుటుంబంతో సహా వచ్చిన శాంతయ్య చెయ్యెత్తి నిలబడ్డాడు. "నిన్న పొద్దున్నే దిద్దినా! ఏం దోషం లేదు, తీయండి!"

వరదరాజులుగారు మైకు అందుకున్నారు. "ఇప్పుడు మనం అంతరించిపోతున్న ఒక అపురూపమైన జంటను చూడబోతున్నాం" అన్నారు. అధికారి లేచి తాడు లాగారు.

షామియానా గుడ్డ కింద పడింది. నల్లరాతి మేక ముందరికాలు ఎత్తి నంద్యాల వైపు చూసింది.

ముందు వరసలో వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత పార్కు మొత్తం ఈలలతో, కేకలతో ఊగిపోయింది. లింగమ్మ వచ్చి మేక మెడలో దండ వేసింది. వరదరాజులుగారు కళ్ళజోడు సవరించుకొని, "రెండోది యాడయ్యా?" అని యోగానంద్‌ను అడిగారు.

అధికారి పలక మీది పేరు చదివారు, మేకను చూశారు, మళ్ళీ పలకను చూశారు. మైకుకు అందకుండా, "ఇది..." అన్నారు.

"మేక సార్" అన్నాడు యోగానంద్.

"అది తెలుస్తూనే ఉంది" అని ఆయన మైకును అతని చేతిలో పెట్టి కూర్చున్నారు.

జేబులో ప్రసంగం ఉంది. దాన్ని బయటికి తీయలేదు. ఎదురుగా జనం ముఖాలు వెలిగిపోతున్నాయి. ఆ వెలుగు అబద్ధం మీద నిలబడిందని తనకు తెలుసు. ఊరుకుంటే గండం గడిచిపోతుంది. కానీ లింగమ్మ చెమర్చిన కళ్ళతో తన వైపే చూస్తోంది. ఇన్నాళ్ళ పోట్లాటల్లో ఆమె తనతో ఎన్నడూ అబద్ధం ఆడలేదు. అతని నోట నిజం వచ్చేసింది.

"అమ్మా, అయ్యా, ఇది నేను అడిగిన బొమ్మ కాదు. నేను బట్టమేక పిట్ట అనే పక్షి బొమ్మ చెక్కమంటి. ఆ పేరు విని శాంతయ్య మేకను చెక్కినాడు. ఆయన తప్పేమీ లేదు. ఫోటో పంపకుండా నోటితో చెప్పి ఊరుకున్న నాదే తప్పు."

డప్పు వాయించేవాడు కర్ర కిందికి దించాడు. జనం మధ్యలో శాంతయ్య తలకాయ కూడా కిందికి దిగింది. లింగమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది.

"అయితే ఈ మర్యాద మా మేకకు గాదన్నమాట."

"ముందు కాదమ్మా. పొరపాటున జరిగింది."

"ఇప్పుడు దింపేస్తావా?"

యోగానంద్ మేక వైపు చూశాడు. పిచ్చుక వైపు చూశాడు. "నిన్నటి నుంచి దీన్నే చూస్తాండా. దింపమనడానికి నాకు నోరు రాదు. ఎవురన్నా దింపుతామన్నా నేను ఒప్పుకోను" అన్నాడు. అన్న తర్వాత, అది నిజమేనని అతనికే ఆశ్చర్యం వేసింది.

లింగమ్మ ఆలోచించింది. ఆమె ఆలోచిస్తున్నంతసేపూ జనంలో ఒక్కరూ దగ్గలేదు.

"పొరపాటునైతేనేం, మా మేకను దిమ్మె ఎక్కిచ్చినోడివి నువ్వొక్కడివే" అంది. "సెప్పు అయ్యవారా. ఆ పిట్టకేం గావల్ల?"

పన్నెండేళ్ళుగా అతను ఎన్నో ఆఫీసుల్లో, ఎన్నో సభల్లో పిట్ట గురించి మాట్లాడాడు. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

"బీట్లో పడమటి గుట్ట కింద గడ్డి. అంతేనమ్మా. వానలు పడినప్పటి నుంచి దసరా దాకా దాన్ని ఎవురూ తొక్కకుండా ఉంటే చాలు. అది ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడ్తాది. చెట్టు మీద కాదు, నేల మీదనే. గూడు గూడ కట్టుకోదు. దాని మీద మేక కాలు పడినా, కుక్క మూతి పెట్టినా ఆ యేటికి అంతే."

"ఒక్కటే గుడ్డా?"

"ఒక్కటే."

లింగమ్మ వెనక్కి తిరిగి తనవాళ్ళను చూసింది. "మన మేక రెండు ఈనుతాది. కొన్ని మూడు గూడ ఈనుతాయి" అంది వాళ్ళతో. తర్వాత యోగానంద్ వైపు తిరిగి కోపంగా, "ఇంత మాట ముందే సెప్పుంటే ఏం పోయింది నీకు?" అంది.

"చెప్తానే ఉన్నా గదమ్మా ఇన్నేళ్ళూ!"

"యాడ సెప్తివి? నువ్వు సట్టం సెప్తివి."

అధికారి ఆ మాటకు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు గనుక సిబ్బంది కొట్టారు. పడమటి గుట్ట కింద గడ్డిని వానాకాలమంతా వదిలేస్తామని లింగమ్మ అక్కడే మాటిచ్చింది. ఆ నెలల్లో మేకలకు మేత లోటు రాకుండా వేరేచోట గడ్డి కోసుకోవడానికి ఏర్పాటు చేయిస్తానని అధికారి మైకులో చెప్పారు. శాంతయ్యను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అతను ఆ శాలువా అంచును కాసేపు వేళ్ళతో పరీక్షించి, "మడత నేను సెక్కిందే బాగుంది" అన్నాడు.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. వరదరాజులుగారు మాత్రం దిమ్మె చుట్టూ తిరుగుతూ ఆడపిట్ట కోసం వెతుకుతూనే ఉన్నారు.

* * *

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. శ్రావణమాసంలో ఒక ఆదివారం యోగానంద్ బైనాక్యులర్స్ మెడలో వేసుకొని, విష్ణుప్రియ కట్టిచ్చిన పులిహోర సంచిలో పెట్టుకొని ఊటకుంట వెళ్ళాడు. ఈసారి చట్టం పుస్తకం తీసుకెళ్ళలేదు.

పడమటి గుట్ట కింద గడ్డి నడుము ఎత్తుకు పెరిగింది. ఇన్నేళ్ళలో అక్కడ అంత గడ్డిని అతను ఎప్పుడూ చూడలేదు. గాలి వీస్తే అదంతా ఒక్కటిగా వంగి, ఒక్కటిగా లేస్తోంది. చుట్టూ కంప కొట్టి పటిష్ఠంగా దడి కట్టారు. దడి ముందు, గొంగడి పరుచుకొని లింగమ్మ కూర్చుని ఉంది. కుక్కలు మెడలో తాళ్ళతో, అవమానం దిగమింగుకుంటున్నట్టు పక్కనే పడుకున్నాయి.

యోగానంద్‌కు కళ్ళు చెమర్చాయి. "లింగమ్మా, ఎంత బాగా చేసినారమ్మా!" అంటూ దడి దాటడానికి పంచె ఎగ్గట్టాడు.

లింగమ్మ కర్ర అడ్డం పెట్టింది. "యాడికి?"

"లోపలికి. పిట్ట వచ్చిందేమో చూస్తా."

"పోగూడదు."

"నేనమ్మా! యోగానంద్‌ను!"

"నువ్వైతే? మనిషి అలికిడి గూడ దానికి పడదని నువ్వే గదా మొన్న సెప్పిపోతివి. ఆఫీసోళ్ళొస్తే వాళ్ళనూ పంపిచ్చినా. నా మనవడు గాలిపటం పడిందంటే వాన్నీ పోనీలా."

"పోనీ, నువ్వు చూసినావా? వచ్చిందా?"

"నేనెట్ల సూస్తా? నేనూ పోలా" అంది లింగమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న గర్వం చూశాక యోగానంద్ పంచె దించుకొని గొంగడి మీద కూర్చున్నాడు. ఇద్దరూ పులిహోర తిన్నారు. ఆమె మజ్జిగ పోసింది. గుట్ట కింద గడ్డిలో ఎక్కడో ఏదో కదిలినట్టు అనిపించింది. గాలో, ఇంకేమైనానో. ఇద్దరూ అటే చూశారు గానీ ఎవరూ లేవలేదు.

పొద్దుగూకేసరికి ఇల్లు చేరాడు. విష్ణుప్రియ సంచి అందుకుంటూ, "ఏమండీ, పిట్ట కనపడిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాడు యోగానంద్ తృప్తిగా. "చానా బాగా కాపాడుతాండారు."